రెండో డ్రైవరు

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి నా పక్కన కుర్చీ లాక్కొని కూర్చుని, ఫోను మీద వేలితో అటూ ఇటూ గీస్తూ, నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపల వరంగల్ నుంచి ఖాట్మండు దాకా కారులో పోయే దారంతా ఖాయం చేసేసింది. ఎక్కడ పడుకోవాలో, సరిహద్దు దగ్గర కారుకు ఏ కాగితాలు చూపాలో, ఏ మలుపులో ఆగితే మంచుకొండలు బాగా కనిపిస్తాయో, అన్నీ ఆ ఫోనే చెప్పింది. నువ్వూ వస్తున్నావు కదా నాన్నా అని అడిగి, కుక్కరు కూత పెడితే నా జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి పోయింది. అదే దారి ఖాయం చేయడానికి మాకు ఏడేళ్లు పట్టిందనీ, అయినా పోలేదనీ దానికి తెలియదు.

పదో తరగతి నుంచి నేను మా మేనమామ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఖిలా వరంగల్‌లో రెండు గదుల ఇల్లు, మట్టికోటకూ రాతికోటకూ నడుమ మిర్చి చేను, మిలిటరీ వాళ్ల వేలంలో కొన్న ఒక పాత జీపు, ఇదీ ఆయన సంసారం. పిల్లలు లేరు. అత్తమ్మ నన్నే కొడుకనుకొని సాకింది, పరీక్షలప్పుడు నాతోపాటు తెల్లవారుజామునే లేచి ఊరికే పక్కన కూర్చునేది. తనకు ఫలానాది కావాలని ఆమె నోరు విప్పి అడగగా నేను వినలేదు, ఆ ఒక్కసారి తప్ప.

డెబ్బైల చివర్లో, నాకు బడిలో మాస్టరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మా మిర్చి బస్తాలు ఉత్తరాదికి తోలుకుపోయే లారీ డ్రైవరు ఒకాయన మా అరుగు మీద కూర్చుని నేపాల్ ఘాట్ రోడ్డు ముచ్చట చెప్పాడు. ఒక పక్క లోయ, ఇంకో పక్క కొండ, ఎక్కి ఎక్కి పైకి పోయాక ఒక మలుపు తిరగ్గానే ఆకాశం అంచున తెల్లటి మంచు వరుస కనబడుతుందట. ఆయన వెళ్లిపోయాక ఖాళీ గ్లాసు తీస్తూ అత్తమ్మ, "జర ఒక్కపారి నాకు ఆ మంచుగుట్టలు సూపెట్టుండ్రి" అన్నది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకు తిరిగాయో అప్పుడు నాకు అర్థం కాలేదు. జీపులోనే తీసుకుపోతానని అక్కడికక్కడే మాటిచ్చాడు.

ఆ లారీ ఆయన ఒక కట్టడి కూడా చెప్పిపోయాడు, ఘాట్ ఎక్కేటప్పుడు బండిలో ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందేననీ, ఒక్కడే ఎక్కినవాడు ఏదో ఒక మలుపులో కునుకు తీస్తాడనీ. మామకు అది వేదవాక్కయింది. రెండో డ్రైవర్ని నేను. మట్టికోట కట్ట మీదికి ఎద్దుబండ్లు ఎక్కే ఏటవాలు దారిలో ఫస్టు గేరులో జీపు ఎక్కించడం నేర్పాడు, అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి మరీ. ఆమె కమ్మీ పట్టుకొని కళ్లు గట్టిగా మూసుకునేది, పైకి చేరాక తెరిచి, కింద ఎర్రగా ఆరబోసిన మిర్చిని చూసి చిన్నపిల్లలా నవ్వేది.

బడి అట్లాసు మీద పల్చటి కాగితం పరిచి దారి గీసింది నేనే. నాగపూర్, జబల్పూర్, కాశీ, రక్సౌల్, ఆపైన సరిహద్దు. బస్తాలు దింపి వచ్చిన ప్రతి డ్రైవర్నీ నిలబెట్టి మామ ఎక్కడ వంతెన పడిందో, ఎక్కడ పెట్రోలు దొరకదో అడిగి, మిర్చి బస్తాలు ఎత్తిన చేతులతోనే ఆ కాగితం మీద గుర్తులు పెట్టేవాడు. దాన్ని విప్పితే చాలు, ఇంటిల్లిపాదికీ తుమ్ములు. సరిహద్దు కాగితాల కోసం ఎవరెవరికో ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాను, సగానికి జవాబులే లేవు.

అసలు చిక్కు ఉత్తరాలతో కాదు, మిర్చితో. వానాకాలంలో ఆ కొండచరియలు విరిగిపడతాయి, ఎండాకాలంలో మసక కమ్మి మంచు కనబడదు, పోతే దసరా తర్వాతే పోవాలని డ్రైవర్లంతా ఒకే మాట. సరిగ్గా అప్పుడే మా చేను పూతకొస్తుంది, నీళ్లూ మందులూ ఒక్కవారం తప్పినా పంట పోతుంది. ఒక ఏడు తెగులు, ఒక ఏడు మోటరు కాలడం, ఒక ఏడు జీపుకు గేరుబాక్సు. ఏటా బతుకమ్మలు రాగానే ఆ కాగితం బయటికి వచ్చేది, మేము తుమ్మేవాళ్లం, మళ్లీ మడిచి పెట్టేవాళ్లం.

అత్తమ్మ మాత్రం పక్కింటి ఖాలా దగ్గర నేర్చుకొని బూడిదరంగు ఉన్నితో స్వెటర్ ఒకటి అల్లుతూనే ఉండేది. వరంగల్ ఎండల్లో ఉన్ని పట్టుకు కూర్చుంటుందని వాడకట్టు ఆడవాళ్లు పరాచికాలాడేవాళ్లు. ఏటా సగం విప్పి ఇంకొంచెం వెడల్పుగా అల్లేది. మామ సన్నటి మనిషి కదా, ఇందులో ఇద్దరు మామలు పడతారత్తమ్మా అని నేనూ ఏడిపించేవాణ్ణి, ఆమె నవ్వి ఇంకో వరుస అల్లేది.

ఏడో ఏడు అన్నీ కలిసొచ్చాయి. చేను చూడడానికి నెక్కొండ నుంచి మామ తోడల్లుడు వచ్చి ఉంటానన్నాడు, జీపు బాగైంది, చేగోడీలూ సత్తుపిండీ డబ్బాలకెక్కాయి. దసరా సెలవులు చాలవు, ఇంకో పది రోజులకు నేను సెలవు చీటీ రాయాలి. అప్పటికి పెళ్లయి వేరు కాపురం పెట్టాను, ఇప్పుడు ఫోనులో దారి చూసిన ఈ పిల్లే అప్పుడు పాకుతోంది. నేను అలసిపోయాను. అంతే, అంతకన్నా పెద్ద కారణమేదైనా ఉంటే ఇన్నేళ్లకైనా చెప్పుకొని తేలికపడేవాణ్ణి. ఏడేళ్ల ఉత్తరాలు, ఆ తుమ్ముల కాగితం, మళ్లీ నెల రోజుల దుమ్ము తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది. హెడ్మాస్టరు సెలవు ఇవ్వనన్నాడని మామ ఇంటికి పోయి చెప్పాను. చీటీ నేను రాయనేలేదు.

మామ తల దించుకొని కాసేపు జీపు బానెట్టు తుడిచాడు. అత్తమ్మే నా భుజం తట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, గుట్టలు యాడికి వోతయ్, వచ్చే ఏడు పోదాం తియ్" అని సత్తుపిండి డబ్బా మా ఇంటికే పంపించింది. మేము నెల రోజులు తిన్నాం.

వచ్చే ఏడు ఆమె లేదు. వానలు మొదలైన వారంలో ఆయాసమని దవాఖానలో చేర్చాం, మూడో రోజున పోయింది. దినాలయ్యాక మామ ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకోసమే అల్లింది అల్లుడా, బండి నడిపేటోనికి సలికి చేతులు కొంకర్లు వోతయని" అన్నాడు. తొడిగి చూసుకుంటే భుజాలకు సరిగ్గా సరిపోయింది. ఏటా ఆమె వెడల్పు చేసింది నేను లావెక్కుతున్నానని. సెలవు సంగతి ఆయనకప్పుడైనా చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు. ఆ జీపును అమ్మేసిన రోజునా రాలేదు, ఆయన పోయేదాకా రాలేదు.

ఇప్పుడు దారులు బాగుపడ్డాయి. ఏ డ్రైవర్నీ అరుగు మీద కూర్చోబెట్టి అడగనక్కరలేదు, ఎవరి చేతి గుర్తులూ కాగితం మీద పడవు, ఎవరూ ఎవరికోసమూ ఏడేళ్లు ఆగరు. మంచిదే. ఆగేలా చేసినవాణ్ణి గనుక, మంచిదనే అంటాను. కాసేపటికి మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెప్పు నాన్నా, వస్తున్నావా లేదా అని మళ్లీ అడిగింది. సెలవు దొరకదేమోనమ్మా అన్నాను. అది పకపకా నవ్వింది, నేను రిటైరై పదేళ్లు దాటింది మరి.