గీతకి దూరంగా పడిన చుక్క

అంతరిక్షంలో జరిగే గామా కిరణాల పేలుళ్ళలో శిఖర శక్తి, అంటే కిరణాలు అన్నిటికన్నా జోరుగా వెలిగే చోటి శక్తి, ఎంత ఎక్కువైతే, మొత్తం వెదజల్లే శక్తి అంత ఎక్కువగా ఉంటుంది. పేలుడుకొక చుక్క పెడితే చుక్కలన్నీ ఒక గీత వెంట సర్దుకుంటాయి. రేపు వేలూరులో మా పరిశోధన గైడు అందరి ముందూ చూపించబోయే నా గ్రాఫులో ఒక్క చుక్క మాత్రం దూరంగా పడింది. మధ్యాహ్నం గుడియాత్తంలో, మా ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని ఆ చుక్కని తీసేయబోతుంటే నాన్న చూశాడు.

“అదే తప్పని ఎట్లా చెప్తావమ్మా?”

“మిగతావన్నీ ఒకే తీరుగా ఉండాయి కదప్పా.”

“ఒక పోగు వేరేగా నిలిస్తే మేం దాన్ని తెంచేది లేదు. మిగతావి ఎట్లా ఎక్కించినామో ముందు చూస్తాం.”

ఆయన మాట తీసేయలేక పేలుళ్ళ లెక్కలున్న పట్టిక తెరిచాను. పేలుడు ఎంతో దూరంలో జరుగుతుంది కాబట్టి కిరణాల శక్తి మన దాకా వచ్చేసరికి తగ్గుతుంది, దాన్ని సరిచేయాలి. పట్టికలో ముందే సరిచేసి ఉంది. అది చూసుకోకుండా నేను అందులోవన్నీ రెండోసారి సరిచేశాను. వేరే చోట నుంచి, సరిచేయకుండా ఉన్నది తెచ్చుకున్న ఆ ఒక్కదాన్నే సరిగ్గా ఒక్కసారి సరిచేశాను.

ఇప్పటికి మూడుసార్లు గైడు నంబరు తీసి, మూడుసార్లూ ఫోను కింద పెట్టేశాను. ఏడాదిగా నాకు నిజం చెప్తున్నది ఆ చుక్క ఒక్కటే, దాన్నే తీసేయబోయాను. మీరైతే ఫోనులో చెప్తారా, రేపు ఎదురుగా నిలబడి చెప్తారా?