మన్సొక్ మణికట్టు

మన్సొక్‌కి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ముప్పై ఏళ్లుగా ఓడల యార్డు గేటు ఎదురుగా పంది ఎముకల పులుసూ అన్నం అమ్ముతున్నాను. గబగబా మింగేవాళ్లని చూశాను, అలిసిపోయి బల్లమీదే కునుకు తీసేవాళ్లని చూశాను. ఒక్క చెంచా నోట్లో పెట్టుకునేలోగా నాలుగుసార్లు మణికట్టు చూసుకునేవాణ్ణి మాత్రం వీణ్ణే చూశాను. పోనీ అది గడియారమా అంటే కాదు. ముళ్లు లేవు, అంకెలు లేవు. ఉత్త బూడిదరంగు రబ్బరు పట్టీ.

దాని జత ఇతని భార్య యొంజు పొట్టమీద బెల్టులా ఉంటుంది. లోపల బిడ్డ తంతే ఇక్కడ ఇతని మణికట్టు మీద పట్టీ గుర్రుమంటుంది. ఇతను పట్టీని తడితే అక్కడ బెల్టు ఆమె పొట్టని మెత్తగా నొక్కుతుంది. యార్డులోకి ఇలాంటివి తేనివ్వరు. అందుకని పొద్దున్నే నా దగ్గర పెట్టి వెళ్లి, మధ్యాహ్నం భోజనానికొచ్చి తగిలించుకుంటాడు. ఆ గంటసేపే తండ్రీబిడ్డల ముచ్చట.

మొదట్లో నాకు ఒళ్లు మండేది.

"నేను నలుగుర్ని కన్నాన్రా. నెల తప్పిన సంగతే మా ఆయనకి నాలుగో నెలలో తెలిసింది. వాళ్లు పెరగలేదూ?" అన్నాను.

"మీ రోజులు వేరు పిన్నీ," అన్నాడు, కళ్లు పట్టీ మీంచి తీయకుండా.

తర్వాత తెలిసి నోరు మూసుకున్నాను. ఐదేళ్ల కిందట యొంజుకి ఐదో నెలలో ఒక బిడ్డ పోయింది. ఆ రోజు మన్సొక్ ఓడ అడుగున ట్యాంకులో ఇనుముకి గ్రైండింగ్ చేస్తున్నాడు. కబురు అందేసరికి సాయంత్రమైంది. ఇప్పుడామెకి నలభై ఒకటి.

ఈసారి కడుపులో బిడ్డ పడ్డప్పుడు యొంజు తల్లికి కల వచ్చిందట. మా కోజె దీవి ఒడ్డున నల్లటి గుండ్రాయి ఏరి ఒళ్లో వేసుకుంటే అది వెచ్చగా ఉందట. అప్పట్నుంచి కడుపులో బిడ్డ ముద్దుపేరు గుండ్రాయి. మొగుడూ పెళ్లాల పేర్లు కూడా పోయి గుండ్రాయి నాన్న, గుండ్రాయి అమ్మ మిగిలారు.

నవంబరులో ఒకరోజు పొయ్యి మీంచి దించిన రాతి గిన్నె అతని ముందు పెట్టి "కాలుతుంది, ముట్టుకోకు" అన్నాను. వినిపించుకోకుండా రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. చల్లటి నీళ్ల గిన్నె అయినా అంత నింపాదిగా పట్టుకోరు. సరిగ్గా అప్పుడే పట్టీ గుర్రుమంది. చేతి పక్కనున్న చెంచా కూడా గలగలమంది.

"ఇవాళ ఇంకా తన్నలేదేమిటి పిన్నీ," అన్నాడు మన్సొక్, పట్టీ వంకే దిగులుగా చూస్తూ.

"ఇప్పుడేగా తన్నింది."

అతని ముఖం పాలిపోయింది. ఇరవై రెండేళ్లు గ్రైండింగ్ మిషన్ అదురు తిని మొద్దుబారిన చేతులవి. చలికాలమొస్తే వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. చొక్కా గుండీలు యొంజే పెడుతుంది. చెవులు సగం, చేతులు మొత్తం యార్డే తినేసింది.

"పట్టీ తెచ్చిన రోజు గుండ్రాయి అమ్మ 'తెలిసిందా' అని ఏడుస్తూ నవ్వుతూ అడిగింది. తెలియలేదని ఎలా చెప్పను? తెలిసిందన్నాను. రోజూ ఏడు తన్నులనో తొమ్మిదనో చెప్తున్నాను. నాకు తెలుస్తోందన్న ధైర్యంతోనే నిద్రపోతోంది. దానికి చెప్పకు పిన్నీ."

సరేనన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. ఆ తర్వాత అతను ఊరికే ఉండలేక నిమిషానికోసారి పట్టీని తడుతుంటే చూడలేక వంటింట్లోకి పోయేదాన్ని.

మరుసటి గురువారం మధ్యాహ్నం యొంజు రొప్పుతూ వచ్చింది. కూర్చోలేదు.

"గుండ్రాయి నాన్నా, పొద్దుట్నుంచి నాకు తన్నులు తెలియట్లేదు. ఆస్పత్రికి పోదామని బయల్దేరాను. నీకేమైనా తెలిశాయా?"

అతను నా వైపు చూశాడు. "తెలిశాయి. నాలుగుసార్లు," అన్నాడు.

అలవాటైన అబద్ధం ఆలోచించకుండానే వచ్చేసింది. యొంజు పెద్దగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడింది. "అయితే నాదే పిచ్చి. ఆస్పత్రీ వద్దు, ఏమీ వద్దు. నాకూ ఒక గిన్నె పెట్టు పిన్నీ."

ఇప్పుడైనా చెప్తాడని చూశాను. అతను పట్టీని తడుతూ కూర్చున్నాడు. నేను గరిటె పక్కన పడేశాను.

"అమ్మాయీ, వీడి మాట నమ్మకు. వీడి చేతికి మండుతున్న గిన్నె పెట్టినా తెలీదు. లే, ఆస్పత్రికి పద."

యొంజు అతని చెయ్యి అందుకుని వేలి కొసని గోళ్లతో గట్టిగా గిల్లింది. నెత్తురు చిమ్మింది. అతను చెయ్యి లాక్కోలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె లేచి ఆస్పత్రికి బయల్దేరింది, అతను వెనకాలే పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నం రెండు గిన్నెలు పగలగొట్టాను. ఉప్పు రెండుసార్లు వేశాను. ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని నన్ను నేనే తిట్టుకున్నాను. నాలుగింటికి మన్సొక్ ఫోన్ చేశాడు. గుండె చక్కగా కొట్టుకుంటోందట. బిడ్డ తల్లి వీపు వైపు తిరిగి తంతోందట, అందుకే ఆమెకి తెలియలేదట.

మూడు రోజులు యొంజు మొగుడితో మాట్లాడలేదు. అతను వచ్చి తల దించుకుని తిని పోయేవాడు. పట్టీ నా దగ్గరే పడేసి మళ్లీ అడగలేదు. సోమవారం అతను తింటుంటే ఆమే వచ్చి నా దగ్గర పట్టీ తీసుకుంది.

"చెయ్యి పనిచెయ్యకపోతే లేదని చెప్పాలి. మిగతా ఒళ్లు ఉందిగా," అంటూ పట్టీని అతని చెంపకి ఆనించి, తన జుట్టు రబ్బరు తీసి చెవి వెనక్కి బిగించింది.

పక్క బల్ల వాళ్లు నవ్వారు. "ఏం అన్నా, పంటినొప్పా?"

మన్సొక్ నవ్వలేదు. చెంచా ఎత్తాడు, సగంలో ఆపాడు. పులుసు చొక్కా మీద కారుతోంది, తుడుచుకోలేదు. ఇన్నాళ్లలో అతను అంత కదలకుండా కూర్చోవడం నేను చూడలేదు.

"ఇంత గట్టిగా తంతుందా?" అని అడిగాడు యొంజుని. "రోజూ ఇలాగే తన్నేదా?"

"రోజూ," అంది యొంజు.