శేరు జొన్నల గోల్

యేసుప్రసాద్ పదిహేనేళ్లు ఫుట్‌బాల్ ఆడి బతికాడు. పేరు మోసిన ఆటగాడేమీ కాదు. హైదరాబాదులో మొదలుపెట్టి బెంగళూరు, గోవా, కోల్‌కతా, షిల్లాంగ్ తిరిగి, చివరికి కేరళలో జట్టుకు ఏడుగురితో ఊరూరా జరిగే సెవెన్స్ పోటీల దాకా వెళ్లాడు. మొత్తం తొమ్మిది క్లబ్బులు. ఎక్కడా రెండు సీజన్లు దాటి నిలవలేదు. స్ట్రైకర్ కాబట్టి గోల్ కొడతాడని తీసుకునేవాళ్లు, కొట్టడం లేదని పంపించేసేవాళ్లు. కోసిగి వైపు జనం మూటాముల్లె సర్దుకుని సుగ్గికని పరాయి ఊళ్లకు కూలికి వలస పోయినట్టు, సీజన్ మొదలయ్యేసరికి ఇతనూ సంచి సర్దుకుని రైలెక్కేవాడు.

ఊరు కోడుమూరు దగ్గర చిన్న పల్లె. కర్నూలు హాస్టల్లో చదువుకునే రోజుల్లో డ్రిల్లు మాస్టారు అతని పరుగు చూసి బంతి చేతికిచ్చాడు. చేతికి కాదు, కాలికి. అప్పటికే తండ్రి లేడు. తల్లి కృపమణి ఎకరన్నర మెట్ట చేను చేసుకుంటూ, మిగిలిన రోజుల్లో కూలికి పోతూ కొడుకును పెంచింది. ఆమెకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే. తన కొడుకు గోల్ కొట్టడానికి కుదిరిన మనిషి. కలుపు తీయడానికి కుదిరినవాళ్లు సాయంత్రానికి కలుపు తీసి చూపించాలి కదా, వీడూ వారం వారం గోల్ చూపించాలి. ఇందులో పొరపాటేముందో ఎవరు చెప్పినా ఆమెకు ఎక్కలేదు.

ప్రతి శనివారం ఫోన్ వచ్చేది. "తిన్నావా నాయనా" అయ్యాక రెండో ప్రశ్న, "గోల్ కొట్టినావా?"

కొట్టినప్పుడు కొట్టానని చెప్పేవాడు. లేనప్పుడు లేదనేవాడు. కోల్‌కతాలో ఉన్న ఏడాది మాత్రం వరసగా ఏడు మ్యాచులు గోల్ లేదు. అందులో మూడు మ్యాచులు బెంచీ మీదే కూర్చున్నాడు. "పని చేయకపోతే వాళ్లు నీకు అన్నం ఎట్ల పెడతారురా?" అని ఆమె దిగులుగా అడిగింది. ఆ గొంతు విని తట్టుకోలేకపోయాడు. వానకు నానిపోయిన బూట్లు విప్పుతూ "కొట్టినాలేమ్మా" అనేశాడు. అటువైపు ఆమె సంతోషం చూడాలి! ఆ రాత్రి అతనికి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. మొదటి అబద్ధం ఎప్పుడూ అంత హాయిగానే ఉంటుంది.

తర్వాత అది అలవాటైపోయింది. అమ్మ ప్రాణం నెమ్మదిగా ఉంటే చాలనుకున్నాడు. ఆ అబద్ధం ఎంత దూరం పోయిందో ఒక డిసెంబరులో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది. ఆదివారం చర్చిలో మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు కృతజ్ఞత కానుకల పట్టీ చదువుతున్నారు. ఒకరికి జ్వరం తగ్గినందుకు, ఒకరికి బర్రె ఈనినందుకు. ఆ వెంటనే, "కృపమణమ్మ, తన కుమారుడు యేసుప్రసాద్ పోయిన శనివారం గోల్ కొట్టినందుకు దేవునికి వందనాలు చెల్లిస్తూ, ఒక శేరు జొన్నలు" అని చదివారు. పోయిన శనివారం అతను మైదానంలోకే దిగలేదు. చర్చి మొత్తం ఇతని వైపు తిరిగి నవ్వింది. ఇతనూ నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు?

చెప్పాలనుకున్నది చెప్పలేక మళ్లీ రైలెక్కాడు. వానల్లేని ఏడు కూడా ఆమె శేరు తప్పలేదని, తన గిన్నెలోది తగ్గించుకుని తీసుకెళ్లిందని భార్య మహిమ ద్వారా తెలిసినప్పుడు మాత్రం అతనికి ముద్ద దిగలేదు. మహిమకు నిజం తెలుసు. "నీ నోటితో నువ్వే చెప్పాల" అని ఒక్క మాట అని ఊరుకుంది.

ఈ ఏడు కేరళ నుంచి ముందే వచ్చేశాడు. మోకాలు వాచింది, నెల రోజులు విశ్రాంతి అని అందరికీ చెప్పాడు. నెల రోజులు ఊళ్లోనే ఉంటాడని పల్లె సంతోషించింది. చర్చిలో కోతకాలపు పండుగ దగ్గర పడడంతో, కొత్తగా వచ్చిన క్రాంతి కుమార్ అయ్యగారు ఇంటికి వచ్చి అడిగారు.

"ప్రసాదన్నా, ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాల. దేవుడు మీచేత ఎన్ని గోల్స్ కొట్టించినాడో మన పిల్లోల్లు వినాల."

అతను నోరు తెరిచేలోపే కృపమణి "చెప్తాడు అయ్యగారూ, ఎందుకు చెప్పడు?" అని ఒప్పేసుకుంది.

అక్కడ ఇరుక్కున్నాడు. దేవుని ఇంట్లో నిలబడి, లేని గోల్స్‌కు సాక్ష్యం చెప్పడం అతని వల్ల కాదు. నిజం చెప్తే ఇన్నేళ్లు తలెత్తుకుని కానుక ఇచ్చిన తల్లి నలుగురిలో తల దించుకోవాలి. శనివారం సాయంత్రం ఆమె అరుగు మీద చేటలో జొన్నలు చెరుగుతుంటే పక్కన కూర్చున్నాడు. "అమ్మా" అన్నాడు. "ఏం నాయనా" అంది. "ఏం లేదు" అని లేచిపోయాడు.

ఆదివారం చర్చిలో గుమ్మడికాయలు, జొన్న కంకులు, ఉల్లిగడ్డల మూటలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు బల్ల ముందు చేరాయి. పాట అయ్యాక అయ్యగారు పిలిచారు. యేసుప్రసాద్ కుంటుతూ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో తల్లి, కొత్త చీరలో, తలమీద కొంగుతో కూర్చుని ఉంది. ఆమెను చూస్తూ మాట్లాడలేక కోళ్లను చూస్తూ మొదలుపెట్టాడు.

"ఈ గుడిలో నా పేరున చదివిన గోల్స్‌లో సగం నేను కొట్టలేదు. మా అమ్మకు అబద్ధం చెప్పినా. ఆమెది తప్పు లేదు. శానా దినాలు నేను బెంచీ మీదనే కూర్చొన్యా. నన్ను క్షమించండి."

అయ్యగారు చిన్నవాడు, ఇలాంటి సాక్ష్యానికి ఏం బదులు చెప్పాలో చదువుకున్నచోట నేర్పలేదు కాబోలు, బైబిలు మూసి మళ్లీ తెరిచారు. వెనక ఎవరో గుసగుసలాడారు. అప్పుడు కృపమణి లేచింది. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు యేసుప్రసాద్. తిట్టినా బాగుండు అనుకున్నాడు.

"అయ్యగారూ, నాదొక మాట" అంది. "కొట్టలేదని వీడు చెప్పింటే నేను వీని కోసరం మోకాళ్లు వేసి ప్రార్థన చేసుంటిని గదా. కొట్టినానంటే నమ్మి, వందనాలు చెప్పి ఇంటికి పోయి బువ్వ తింటి. యాడనో పరాయి ఊర్లో బిడ్డ ఒక్కడే దిగులుపడి కూర్చొనుంటే, నేనీడ నవ్వుకుంటా జొన్నలు ఇస్తి. అన్ని దినాలు వీని కోసరం ఎవురూ దేవున్ని అడగలేదు అయ్యగారూ. ఎవురూ అడగలేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు దగ్గరికి నడిచి వచ్చింది. అంత పొడుగు మనిషి ఎదుట నిలబడితే ఆమె తల అతని ఛాతీ దాకా కూడా రాలేదు.

"ఇప్పుడన్నా నిజం చెప్పు నాయనా. దేవుని దగ్గర ఏమని అడగమంటావు? మోకాలు బాగుకావాలనా? మళ్లా ఆటకు పోవాలనా?"

దానికి జవాబు అతను మహిమకు కూడా చెప్పలేదు. కేరళ డాక్టరు చెప్పినప్పుడు విన్నాడు, విని జేబులో పెట్టుకుని రైలెక్కాడు, అంతే.

"అది బాగుకాదమ్మా" అన్నాడు. "ఇంక నేను ఆడలేను."

అనేశాక ఆగలేకపోయాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కృపమణి అక్కడే నేల మీద మోకాళ్లు వేసి, అతని చెయ్యి పట్టి పక్కకు లాగింది. అతను మంచి కాలు మడిచి, చెడిన కాలు చాపుకుని, ఎలాగో కూర్చున్నాడు. ఆమె ఆ వాచిన మోకాలి మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. అవతల మహిమ మోకరించింది, తర్వాత అయ్యగారు, తర్వాత ఒక్కొక్కరుగా సంఘమంతా.

"ప్రభువా," అంది తల్లి, "నా కొడుకు గోల్ కొట్టలేదు."