చిలకమ్మ చూడని ఎపిసోడ్

తల్లి కూతుర్ని గుర్తుపట్టబోతున్న క్షణాన చిలకమ్మ ముఖం మీద తలుపు వేశారు.

పెందుర్తిలో అనూరాధగారింట్లో ఆమె పదకొండేళ్లుగా గిన్నెలు తోముతోంది. సాయంత్రం సీరియల్ మొదలయ్యేసరికి చేతుల నిండా సబ్బు నురగతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కూర్చోమని ఎవరూ అనలేదు. చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు పెద్దదై, తెలియక తల్లి పక్కింట్లోనే అద్దెకు దిగిన కథ అది. ఆ నిజం ఎప్పుడు బయటపడుతుందా అని చిలకమ్మ రెండేళ్లు ఎదురుచూసింది. తీరా బయటపడే రోజున అనూరాధగారింటికి చుట్టాలొచ్చారు. గచ్చు మీద నురగ చుక్కలు పడ్డాయి.

"నువ్వు పనికొస్తున్నావా, సీరియల్‌కొస్తున్నావా?" అంది అనూరాధ.

చుట్టాలు నవ్వారు. తలుపు పడింది.

మర్నాటి నుంచి గిన్నెలు పెరట్లో వేశారు. చిలకమ్మ పని మానలేదు, మానితే గడవదు. ఆ కథ ఏమైందని మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఈ సంగతి ఆమె అక్క కొడుకు నరేష్‌కి మానని పుండైపోయింది. అతను హార్బర్లో కాంట్రాక్టు పనికి పోతాడు. పని లేని రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని దొరికిందల్లా చదువుతాడు. అక్కడే ఒకరోజు ఒక మాట కనబడింది. ఆగలేక ఆమె దగ్గరికొచ్చాడు.

"పిన్నీ, సీరియల్‌ని ఇంగ్లీషులో ఏటంటారో తెలుసా? సోప్ ఒపేరా. సోప్ అంటే సబ్బు. ఒపేరా అంటే గొప్పోళ్లు ముస్తాబై వెళ్లి సూసే పాటల నాటకం."

"సబ్బుకీ నాటకానికీ ఏటిరా సుట్టరికం?"

"తొంబై ఏళ్ల కిందట, టీవీలు రాకముందు, అమెరికాలో పగటిపూట రేడియోలో రోజుకింత కథ సెప్పీవోరు. ఇంటిపని సేసుకునే ఆడోళ్ల కోసం. ఖర్చంతా సబ్బుల కంపెనీలది, మధ్యలో ఆళ్ల సబ్బు గురించి సెప్పుకోడానికి. పేపరోళ్లు ఎటకారానికి ఆ పేరెట్టారు, అదే ఉండిపోయింది. అంటే ఈ కథలు పుట్టిందే నీలాంటోళ్ల కోసం పిన్నీ. నీ నాటకం కాడ్నించే నిన్ను తోలేసినారు!"

చిలకమ్మ అరచేతులు చూసుకుంది. వేళ్ల సందుల్లో సబ్బు తినేసిన చర్మం తెల్లగా పొరలు లేచింది.

"సబ్బు కొన్నోళ్ల కోసమా, సబ్బట్టుకున్నోళ్ల కోసమా?"

నరేష్ తను చదివిందంతా మనసులో తిరగేశాడు. కంపెనీలు కథ చెప్పింది కొనేవాళ్లకి. పిన్ని పనిచేసే ఇంట్లో సబ్బు కొనేది అనూరాధగారే. ఆ అమెరికా ఇళ్లలో కొన్నింటి పెరట్లో కూడా ఎవరో ఒకామె గిన్నెలు తోముతూ ఉండే ఉంటుంది. ఆమె గురించి అతను చదివిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

"సదువుకున్నోడివి, దీనికే గుటకలు మింగుతున్నావేట్రా" అని నవ్వింది చిలకమ్మ.

తరవాత ఆ చేతులు పుళ్లు పడ్డాయి. సబ్బు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. దాంతో పని పోయింది. ఆనందపురంలో కూతురింటికి వెళ్లిపోతుంటే బస్సెక్కించడానికి వెళ్లాడు నరేష్. ఆమెను చూడడం అదే ఆఖరు.

ఆ పాత ఎపిసోడ్‌ని వెతికి ఫోన్లో పెట్టుకొచ్చాడు. "సూడు పిన్నీ. కూసునే సూడు."

ఆమె కట్టు కట్టిన చెయ్యి ఫోను మీద అడ్డం పెట్టింది.

"ఒద్దురా. తలుపేసిన్నాడే పెరట్లో నాను అది పూర్తి సేసేసుకున్నాను. నా కథలో తల్లి కూతుర్ని గుర్తుపట్టనేదు. పనిమనిసి సెప్పింది, గుమ్మంలో నిలబడి. ఇంటి గుట్టు దానికి కాకపోతే ఇంకెవులికి తెలుస్తాదిరా?"