పలిగిన రాయి కాడ

పోయిన నెల ఒక మంగళవారం, బడిలో మూడో పీరియడ్ నడుస్తుండగా ఫోన్ మోగింది. అవతల మా తమ్ముడు, అంటే పెద్దబాపు కొడుకు. "అక్కా, బాపు పోయిండు" అన్నాడు. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే పోయాడట. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి, దవాఖానలో ముందే చెప్పారు. అయినా ఆ రోజు షాద్‌నగర్ నుంచి దేవరకొండ దాకా ఏ బస్సులు మారి వెళ్లానో నాకు గుర్తు లేదు.

పెద్దబాపు మా నాయనకు అన్న. బండలు కొట్టేవాడు. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు నలభై ఆరేళ్లు పట్టింది, ఆ సంగతి చెప్పుకోవడానికే కూర్చున్నాను. మా నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది ఆయనే. దేవరకొండ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ల పునాదుల్లో ఆయన కొట్టిన రాయి ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు. కొట్టేముందు సుత్తెతో బండను మెల్లగా తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. మంచి బండ గంటలా మోగుతుందనీ, లోపల పగులున్నది ఓటికుండలా పలుకుతుందనీ చెప్పేవాడు. నాకు మాత్రం రెండూ ఒకేలా వినిపించేవి.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పది రోజులు కష్టపడి కొట్టిన బండ ఆఖరికి అడ్డంగా పగిలిందనుకోండి, ఆ రోజు ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనకూడదు. సుత్తెలు కింద పెట్టి, సద్ది మూటలు విప్పి అందరూ కలిసి తినాలి. తెల్లారి వేరే బండ చూసుకోవాలి. "పలిగిన రాయి కాడ తిట్టొద్దు బిడ్డా. తిడితే అతుకుతదా?" అనేవాడు. నేను లెక్కల పరీక్ష తప్పిన రోజు కూడా ఇదే మాట చెప్పి అన్నం పెట్టాడు.

రెండేళ్ల కిందట, చలికాలం సెలవుల్లో ఈజిప్టు వెళ్లాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సాంఘికశాస్త్రంలో పిరమిడ్ల పాఠం చెబుతూ, వాటిని పుస్తకంలో తప్ప చూడలేదన్న వెలితి నాది. మా ఆయనకు సెలవు దొరకలేదు. పెద్దబాపును రమ్మన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆడ రాళ్లుంటయా?" అని మాత్రం అడిగాడు. ఉంటాయన్నాను.

పాస్‌పోర్టు ఆఫీసులో ఆయన వేలిముద్రలు పడలేదు. తడిగుడ్డతో తుడిచారు, నొక్కిపట్టారు, ఊహూఁ. ఏం పని చేస్తాడని అడిగితే రాళ్లు కొడతాడని చెప్పాను. అక్కడ నాకు నామోషీ అనిపించలేదు, పని జరగాలి కదా. పెద్దబాపు నున్నగా అరిగిన వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నా గీతలన్ని మంది ఇండ్లల్ల పోయినయి" అని నవ్వాడు. మూడోసారి వెళ్తే గానీ ఆ పని తెమల్లేదు.

హైదరాబాదు నుంచి పద్దెనిమిది మందిమి బయల్దేరాం. రిటైరైన బ్యాంకు మేనేజరు, ఆయన భార్య, ఇద్దరు డాక్టర్లు, అందరూ బాగా చదువుకున్నవాళ్లే. కైరోలో మొదటి రోజు టిఫిన్ దగ్గర మేనేజరు గారి భార్య, పెద్దాయన ఏం చేసేవారమ్మా అని అడిగింది. "గ్రానైట్ కాంట్రాక్టర్" అన్నాను. ఎందుకన్నానో, నోటికి అదే వచ్చింది. పక్కనే రొట్టె తుంచుకుంటున్న పెద్దబాపు ఒక్క క్షణం ఆగి, మళ్లీ తుంచుకున్నాడు. ఆ రోజంతా నేను తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

ఆ మధ్యాహ్నమే పిరమిడ్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఎటు చూసినా ఇసుక. అందరూ తలలెత్తి పైకి చూస్తుంటే ఆయన కింది వరుసలో రాయికీ రాయికీ మధ్య సందు చూస్తున్నాడు. కుడిచేయి రాయికి ఆనించి కళ్లకద్దుకున్నాడు, పనిలోకి దిగేముందు సుత్తెను అద్దుకున్నట్టే. ఒంటె మీద కూర్చున్న పోలీసు ఒకడు ఏదో అరవబోయి, ఆ మొక్కడం చూసి ఊరుకున్నాడు. "గింత జాగల ఒక్క నీడ లేదు, సద్ది ఏడ కూసోని తిన్నరో" అని పెద్దబాపు తనలో తాను అనుకున్నాడు. గైడు రాజుల కథలన్నీ చెప్పి, ప్రశ్నలున్నాయా అంటే, నా చెవిలో మెల్లగా, "కొట్టిన కంకరంత ఏడ పోసిన్రో అడుగు" అన్నాడు. నేను అడగలేదు. కాంట్రాక్టరు అలాంటివి అడగడని నా భయం. ఇరవై ఏళ్లలో నా క్లాసులో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది.

నాలుగో రోజు అస్వాన్‌లో పాత రాతిగనికి వెళ్లాం. అక్కడ మన ధ్వజస్తంభాల కన్నా ఎన్నో రెట్లు పెద్ద రాతిస్తంభం ఒకటి నేలలోనే పడుకుని ఉంది. చుట్టూ తొలిచారు, అడుగు మాత్రం ఇంకా కొండకే అతుక్కుని ఉంది. చెక్కుతుండగా పగులు రావడంతో వదిలేశారట. ఇనుము లేని ఆ రోజుల్లో గుండ్రటి నల్లరాళ్లతో దంచి దంచి తొలిచారని చెప్పి, గైడు ఒక గుండు చేతికిచ్చి కొట్టి చూడమన్నాడు. డాక్టర్లిద్దరూ నాలుగు దెబ్బలకే మణికట్లు పట్టుకున్నారు. పెద్దబాపు గుండుతో కొట్టలేదు. రెండు చేతులతో ఎత్తి వదిలాడు, ఎగిరినప్పుడు పట్టుకుని మళ్లీ వదిలాడు. కాసేపటికే రాతిపొడి రాలింది. కాంట్రాక్టరు గారికి ఈ పని ఎలా వచ్చిందని మేనేజరు గారు ఆశ్చర్యపోయారు.

పెద్దబాపు నా వైపు చూడలేదు. "కూలోళ్లు కొట్టంగ చూసిన సారూ" అన్నాడు.

నాకు చచ్చినంత పనైంది. యాభై ఏళ్లు బండలు కొట్టిన చేతులవి. నా అబద్ధం నిలబెట్టడానికి ఆ చేతులు తనవి కావన్నాడు. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను చెప్పలేదు.

తర్వాత ఆయన ఆ పగులు కనిపించేంత దగ్గరగా కూర్చుని, ఇంకో ప్రశ్న అడగమన్నాడు. "పలిగిననాడు పనోళ్లను ఏం జేసిన్రంట?" ఈసారి అడిగాను. ఎక్కడా రాసి లేదన్నాడు గైడు. "తిట్టకపోయుంటే మంచిదే" అన్నాడు పెద్దబాపు. వేల ఏళ్ల కిందటి ఆ పనివాళ్ల కోసం ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తెస్తానని చెప్పి నేను బస్సు దగ్గరికి వెళ్లిపోయాను. దాహం ఎవరికీ వేయలేదు, నాకే అక్కడ నిలబడే మొహం లేదు.

ఇంటికొచ్చాక ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈసారి వెళ్లినప్పుడు తప్పైందని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. గడపలో అడుగుపెట్టగానే "తిన్నవా బిడ్డా" అనేవాడు. నేను తిని, కబుర్లు చెప్పి వచ్చేసేదాన్ని. ఇప్పుడు చెబుదామంటే మనిషి లేడు.

కర్మకాండలయ్యాక, ఆ యాత్ర వాళ్ల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాను. "మా పెద్దబాపు పోయారు. ఆయన కాంట్రాక్టరు కాదు, జీవితమంతా బండలు కొట్టారు. ఆ రోజు సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను" అని రాశాను. పంపాక ఫోన్ బోర్లా పెట్టేశాను.

కాసేపటికి మేనేజరు గారి భార్య ఫోన్ చేసింది. మాకు అప్పుడే తెలుసమ్మా అంది. నేను నీళ్లకని వెళ్లినప్పుడు ఆయనే అందరికీ చెప్పాడట. అరచేతులు చూపించాడట. ఆ రాయి ఎక్కడ మోసం చేసిందో, తామైతే ఎక్కడ ఆపేసేవాళ్లో వివరించాడట. చివర ఒక్కటే కోరాడట, అందుకే ఇన్నాళ్లూ ఎవరూ నోరు మెదపలేదట.

"మీకు ఎరుకైనట్టు నా బిడ్డకు తెల్వనియ్యకుండ్రి, చిన్నబోతది."

ఆ తర్వాత ఆమె ఒక ఫొటో పంపింది. అందులో నేను లేను. తలకు తువ్వాల చుట్టుకుని, ఎర్రబండ మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు పెద్దబాపు. ఏదో చెబుతూ చెయ్యి చాచాడు. గైడుతో సహా అందరూ ఆయన మీదికి వంగి ఉన్నారు. ఒక్కరూ స్తంభం వైపు చూడడం లేదు, ఆయన చేతినే చూస్తున్నారు.