ఎర్రన్న మావ వత్తులు

మా ఎర్రన్న మావకు గుడ్డపీలిక కనబడితే చాలు, వత్తి చేసేస్తాడు. వత్తి చేశాడంటే దాని కొసను ఎక్కడో ఒకచోట ముంచి తీరాలి. దీపంలో వత్తి నూనెను పైకి లాగడం అందరూ చూసేదే. మావ మాత్రం అది చూసి, ఈ లోకంలో వత్తి చేయలేని పనే లేదని తేల్చేశాడు.

శ్రీకూర్మం పక్కన మా ఊరి వీధిలో ఆయన ఇంటికి వేరే గుర్తు అక్కర్లేదు. బకెట్టుకూ కొత్తిమీర మడికీ మధ్య వత్తి. కుండకూ బచ్చలి పాదుకూ మధ్య వత్తి. కోళ్లు నీళ్లు తాగే చిప్పకు కూడా వత్తే. కోళ్లు దాన్ని వానపామనుకుని రోజూ పీకి పారేసేవి, మావ రోజూ మళ్లీ వేసేవాడు.

ఒక పెళ్లిలో చారు మీద నూనె తేలిందని వంటవాళ్లు దిగులుపడుతుంటే, మావ తన కండువా కొస గంగాళంలో ముంచి, రెండో కొస బయటికి వేలాడదీసి, కిళ్లీ కోసం వెళ్లాడు. వచ్చేసరికి నూనె ఉన్నచోటే ఉంది. చారు మాత్రం కండువా ఎక్కి, అంచు దాటి, బల్ల కింద పెళ్లికొడుకు తండ్రి విడిచిన కొత్త జోళ్లలోకి చుక్కచుక్కగా దిగుతోంది. ఆయన తిట్లకు మావ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు.

"సూసినారా, ఎంత బాగా లాగినాదో" అన్నాడు.

ఇంట్లో తువ్వాళ్లు, దిండు గలేబులు, పంచెలు వరసగా వత్తులైపోయాక, ఆయన భార్య బుల్లమ్మత్త విసిగిపోయి, మిగిలిన నూలుబట్టలు పుట్టింట్లో దాచేసి, నైలాన్ చీరల్లోకి మారిపోయింది.

మొన్న వేసవిలో ఎదురింటి కూర్మమ్మకు చిక్కొచ్చిపడింది. విశాఖలో కూతురికి నెలలు నిండాయి, దగ్గరుండేవాళ్లు లేరు. వెళ్దామంటే డాబా మీద కుండీల్లో కనకాంబరాలు. ఆ పూలమ్మితేనే ఆమెకు రోజు గడిచేది. ఆ ఎండలకు నీళ్లు తప్పితే మొక్కలు మాడిపోతాయి.

"నువ్వెళ్లు అమ్మీ. ఒత్తులేసేత్తాను. మొక్కలే కావాల్సినంత తాగుతాయి" అన్నాడు మావ.

వేరే దారి లేక కూర్మమ్మ బస్సెక్కింది. మావ వత్తిని నమ్మిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

మావ ఇంట్లో దొరికిన చీర చింపి, బకెట్ల నుంచి ప్రతి కుండీకీ వత్తులు సాగదీశాడు. ఇక వీధిలో ఎవరు కనబడినా వత్తుల గొప్పే. అవతల నుంచి కూర్మమ్మ భయపడుతూ ఫోను చేస్తే, ఒత్తులు తెగ లాగుతున్నాయి, నువ్వు పిల్లని సూసుకో అని పెట్టేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆ వింతేమిటో చూద్దామని డాబా ఎక్కాను. పూలు విరగబూసి ఉన్నాయి. వత్తి పట్టుకు చూస్తే ఎండుగడ్డిలా ఉంది. ఆ నైలాన్ చీర చుక్క నీరు లాగితే ఒట్టు. అంతలో మావ, చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె, రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. నన్ను చూసి గతుక్కుమన్నాడు.

"ఎవులికీ సెప్పకు. నూలుగుడ్డ కావాలని ఎవుల్నడిగినా, ఒత్తులు లాగట్లేదని కూర్మమ్మకి కబురెళ్లిపోతాది. పిల్లనొగ్గేసి మర్నాడే వచ్చేత్తాది" అన్నాడు.

మనవరాలు పుట్టిన సంబరంతో కూర్మమ్మ తిరిగొచ్చింది. డాబా ఎక్కి పూలు చూసింది, వత్తి తడిమి చూసింది, కుంటుతున్న మావను చూసింది. సాయంత్రం ఒక మూర కనకాంబరాలు, ఒక సీసా మావ ఇంటికి పట్టుకొచ్చింది. దండ తీసుకెళ్లి కొత్తిమీర మడి దగ్గరి వత్తికి కట్టి, సీసా మావ చేతిలో పెట్టింది.

"పూలు ఒత్తికి మావా. నొప్పుల నూనె నీళ్లు మోసినోడికి."

మావ మూత తీశాడు. వాసన చూశాడు. సీసాను మోకాలి పక్కన పెట్టి చూశాడు.

"ఒసే బుల్లీ, పీలికుంటే ఇలా పట్రా. ఒక కొస ఇందులో ఏసి, రెండో కొస మోకాలికి కడితే, రాసుకునే పనే ఉండదు."