ఏ భాష ఎప్పుడో చెప్పిన ఖాలా

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా పాప ఎప్పటిలాగే కడపకు ఫోన్ చేసింది. జుమ్మా నమాజు అయ్యాక ఖాలాతో కాసేపు అరబీలో మాట్లాడటం దానికి అలవాటు. అవతల ఫోన్ ఎత్తగానే, ఎవరెత్తారో చూసుకోకుండా కుశల ప్రశ్నలన్నీ గబగబా అరబీలో అడిగేసింది. ఖాలాకు బదులు ఆవిడ కొడుకు గొంతు తెలుగులో వినిపించింది.

"అమ్మ లేదు పాపా. పొద్దున నమాజుకు వజూ చేసుకుంటా అట్లనే కూలబడిపాయ. ఆస్పత్రికి తీస్కపోయేలోపలే..."

పాప నా వైపు తిరిగి, "అమ్మా, ఖాలా లేరంట. ఎక్కడికెళ్లారు?" అంది. పదకొండేళ్ల పిల్ల. అర్థంకాక అడగలేదు. అర్థమైంది నిజం కాదని నేను చెబుతానేమోనని అడిగింది. నేను ఫోన్ అందుకున్నాను. వారం గడిచింది. ఇది రాస్తూ కూడా 'ఉండేవారు' అని రాయాల్సిన చోట 'ఉంటారు' అనే రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను.

ఖాలా మాకు చుట్టం కాదు. రియాద్‌లోని మలాజ్ పేటలో మా కింది ఫ్లాటు ఆవిడది. కడపలో ఆడపిల్లల బడిలో ఏళ్లపాటు అరబీ, ఉర్దూ చెప్పి, రియాద్‌లో డ్రైవరుగా ఉన్న భర్త దగ్గరకు వచ్చారు. మేం తెనాలి వాళ్లం. బిల్డింగులో అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటుంటే మాకూ ఖాలాయే అయ్యారు. గుమ్మడిగింజలు ఎప్పుడూ నములుతూ ఉండేవారు. చెప్పకుండా వస్తే మొహమ్మీదే విసుక్కునేవారు. విసుక్కుంటూనే కుర్చీ జరిపేవారు.

ఆ రోజుల్లో ఇక్కడ కుటుంబాలతో ఉన్నవాళ్లందరికీ ఒకటే దిగులు. భార్యకు, బిడ్డకు తలకింతని కట్టే లెవీ ఏటా పెరుగుతోంది. పైగా సౌదీలు ఎంతమంది పనిచేస్తున్నారో చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో మావారి కంపెనీ పసుపులో, అంటే ప్రమాదం అంచున, పడింది. ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, మళ్లీ రెన్యువల్ అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. లెవీ, స్కూలు ఫీజు రెండూ మోయలేక పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టాం. అప్పటికి దానికి ఏడేళ్లు.

లెక్కలు, సైన్సు సరే. భాషల దగ్గరే చిక్కొచ్చింది. ఊరికి వెళ్లిపోతే హిందీ కావాలి. ఉంటే అరబీ కావాలి. మావారికి ఫ్రెంచ్ మీద ఆశ. నాకు నెట్‌లో దొరికిన విదేశీ పాఠ్యప్రణాళికలో చిన్నప్పుడే లాటిన్ మొదలుపెట్టాలని ఉంది. రేపు ఏ దేశంలో ఉంటామో తెలియని భయంలో అన్నీ పెట్టేశాం. ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించాం.

రెండు నెలలు తిరిగేసరికి పాప మాట తగ్గింది. ఒకరోజు ఖాలా మా గిన్నె తిరిగివ్వడానికి పైకి వచ్చారు. పాప ఖాళీ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడింది. ఏం కావాలని అడిగాను. అది నా మొహంలోకి చూసి, "ఏ భాషలో చెప్పాలి?" అంది.

ఖాలా గిన్నె బల్ల మీద పెట్టి, పాపకు నీళ్లు ఇచ్చి, ఫ్రిజ్ దగ్గరకు నడిచి టైంటేబుల్ చూశారు. నన్నూ 'పాపా' అనే పిలిచేవారు.

"ఎవురికి పాపా ఇదంతా? మీకా, బిడ్డకా?"

"రేపు ఎక్కడుంటామో తెలీదు కదండీ ఖాలా. అందుకని అన్నీ..."

"ఒకేసారి అన్ని ముద్దలు నోట్లో కుక్కితే బిడ్డ ఏది నమలల్ల? ఉండే ఊరు చూసి కాదు, బిడ్డ నోరు చూసి పెట్టల్ల. ముందు తెలుగులో అది కడుపునిండా కొట్లాడనీ. మీతో వాదన పెట్టుకోనీ. ఆ పొద్దు నాకు చెప్పు, అరబీ నేను చెప్తా."

మావారు ఒప్పుకోవడానికి వారం పట్టింది. టైంటేబుల్‌లో తెలుగు, ఇంగ్లీషు మిగిలాయి. కథలు చదివాం, ఊరికే కబుర్లు చెప్పుకున్నాం. ఆ ఏడాది చివర్లో పాప నిద్రపోయే వేళ గురించి వాళ్ల నాన్నతో గట్టిగా వాదించి గెలిచింది. నేను మెట్లు దిగి వెళ్లి ఖాలాకు చెప్పాను. "అయితే రేపు పంపు," అన్నారు.

ఆవిడ పద్ధతి వేరు. మొదట్లో అక్షరాలు రాయనివ్వలేదు. పాపను వెంటబెట్టుకుని రొట్టెల కొట్టుకు, కూరగాయలకు వెళ్లేవారు. పాప తప్పుగా మాట్లాడితే దిద్దేవారు కాదు. అదే మాటను సరిగ్గా మార్చి తన మాటలా తిరిగి అనేవారు. పాప ఆ తేడా తనే పట్టుకునేది. బాగా చెప్పినా మెచ్చుకునేవారు కాదు. "పొగిడితే బిడ్డ నా మొహం చూస్తాది, మాటను చూడదు," అనేవారు.

లాటిన్ ఊసెత్తితే మాత్రం నవ్వేవారు. "మాట్లాడే మనిషే లేని భాష. కొట్లో ఎవురిని అడగల్ల?" మా ఇద్దరికీ దాని మీద ఎన్నిసార్లు వాదన జరిగిందో.

తొమ్మిదో ఏట పాపకు పాలపన్ను కదిలి ఊడక వేధిస్తుంటే మలాజ్‌లోనే క్లినిక్‌కు తీసుకెళ్లాం. ఖాలా తోడొచ్చారు. పాప బోర్డు చదువుతూ ఆగిపోయింది. "అమ్మా, డెంటల్‌లో మన దంతం ఉంది. ఇంగ్లీషు వాళ్లకి ఎవరిచ్చారు?" అంది. లాటిన్‌లో పన్నును దెన్స్ అంటారని, సంస్కృతమూ లాటినూ దూరపు చుట్టాలని చెప్పాను. వెంటనే ఖాలా వైపు తిరిగి, "అరబీలో సిన్ను కదా, అది చుట్టం కాదా?" అని అడిగింది. లోపలికి పిలిచేదాకా ప్రశ్నలు ఆగలేదు.

బయటికొచ్చాక ఖాలా నా చెయ్యి పట్టుకున్నారు. "నేను తప్పనుకుంటి పాపా. మాట్లాడేదానికి కాదు ఆ భాష, మాటల ఇంటిపేర్లు తెలుసుకునేదానికి. బిడ్డే అడిగింది చూడు. ఇప్పుడు మొదలుపెట్టు."

నేను చెప్పిన మొదటి లాటిన్ పాఠానికి ఆవిడా వచ్చి పాప పక్కన కూర్చున్నారు. అంతకాలం పాఠాలు చెప్పిన మనిషి కొత్త భాష ముందు చిన్నపిల్లలా కూర్చుని, నోరు తిరక్క నవ్వుకుంటూ, పాప చెప్పినట్టల్లా పలికారు.

ఆ మరుసటి ఏడాది ఖాలా భర్త ఉద్యోగం పోయింది. వాళ్లు ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ వీసాలో కడపకు వెళ్లిపోయారు. మేం ఎలాగో నిలబడ్డాం. అప్పటినుంచే శుక్రవారం ఫోన్లు. సగంసేపు ఖాలా అరబీ చెప్పేవారు, సగంసేపు పాప లాటిన్ చెప్పేది. అంతకుముందు వారం కూడా గొంతులో నలత లేదు. పాఠం మధ్యలో, "గ్యాస్ బండి వచ్చింది, పెట్టేస్తాండా," అన్నారు. మేం విన్న చివరి మాట అదే. అంత మామూలుగా ఉన్న మాట చివరిది ఎలా అవుతుందో నాకింకా అంతుపట్టదు.

వార్త తెలిసిన సాయంత్రం పై అంతస్తులోని సూడాన్ ఆవిడ, ఆ సంగతి తెలియకుండానే, మామూలుగా మా ఇంటికి వచ్చింది. ఖాలాకు స్నేహితురాలు. ఆవిడకు అరబీ తప్ప రాదు, నాకు అది కుశల ప్రశ్నల వరకే. ఏం చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాను. పాప వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, సోఫాలో పక్కన కూర్చుని అరబీలో చెప్పడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఎక్కడా తడుముకోకుండా. నాకు ఒక్క ముక్కా అందలేదు. మధ్యలో ఒకచోట పాప తల నిమురుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, ఖాలా లేరన్న మాట చెప్పేసిందని. పాప ఏడవలేదు. ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మిగతాది చెబుతూ పోయింది.